రిగ్గర్ స్పాన్సన్లు, హ్యాచ్ మూత: ఫోమ్ మీద ఫైబర్ వేసే పద్ధతి చెప్పండి

కొత్తపడవ (వరంగల్)
అందరికీ నమస్తే. నాది రిమోట్‌తో నడిపే 660 మి.మీ. ఎలక్ట్రిక్ రిగ్గర్: మధ్యలో టబ్ (అసలు ఒళ్లు), దానికి బూమ్‌లనే అడ్డ గొట్టాలతో పక్కల తగిలించిన స్పాన్సన్లు (నీటి మీద ఆనే తేలే భాగాలు) ఉండే రేసు పడవ. మధ్య టబ్ ప్లైవుడ్‌ది, గట్టిగానే ఉంది. ముందు రెండు స్పాన్సన్లు 1 మి.మీ. ప్లైతో పెట్టెల్లా కట్టినవి. అతుకుల్లోంచి నీళ్లు తాగుతున్నాయి, నాలుగు రౌండ్లు కొట్టేసరికి ఒక పక్క బరువెక్కుతోంది. వాటిని తీసేసి ఫోమ్ చెక్కి, పైన ఫైబర్ వేసినవి పెట్టాలి. కొలతలు 300 × 60 × 50 మి.మీ. ఏ ఫోమ్, ఏ రెజిన్, ఎంత గుడ్డ? టబ్ మీద హ్యాచ్ మూత కూడా ఇట్లనే చేయొచ్చా? మా దగ్గర ఫైబర్ డోర్లు, నీళ్ల ట్యాంకులు రిపేరు చేసే షాపులో రెజిన్, మ్యాట్ దొరుకుతాయి. దాంతో అయిపోతుందా?

రిగ్గర్ రాజు (హైదరాబాద్)
తమ్ముడూ, ఆ షాపులో ఉండేది పాలిస్టర్ రెజిన్. దాంట్లో స్టైరీన్ ఉంటుంది. తెల్ల థర్మకోల్ అయినా, నీలమో గులాబీ రంగో ఉండే ఎక్స్‌పీఎస్ అయినా రెండూ పాలిస్టైరీనే. పాలిస్టర్ తగిలిన చోట ఫోమ్ కరిగి గుంట పడుతుంది. వినైల్ ఎస్టర్ కూడా అంతే. నీకు కావలసింది ఎపాక్సీ.

ఆ మ్యాట్ కూడా వద్దు. చాప్డ్ స్ట్రాండ్ మ్యాట్‌లో గ్లాసు పోగుల ముక్కల్ని పట్టి ఉంచే బైండర్ స్టైరీన్‌లో కరిగేలా చేసింది. ఎపాక్సీలో అది కరగదు, మ్యాట్ అట్టలాగే నిలబడుతుంది, మూలల్లో వంగదు, రెజిన్ విపరీతంగా తాగుతుంది. నేసిన గుడ్డే కొను: 160 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాములు) ఒక మీటరు, 80 జీఎస్ఎం ఒక మీటరు. రెండు స్పాన్సన్లు, మూత అయ్యాక కూడా మిగులుతుంది.

ఫోమ్ అంటే ఎక్స్‌పీఎస్, 50 మి.మీ. మందం షీటు. రూఫ్ ఇన్సులేషన్ సామాను అమ్మే చోట అడుగు. క్యూబిక్ మీటరుకు 30 నుంచి 35 కిలోల సాంద్రత ఉన్నది చాలు. ప్యాకింగ్ థర్మకోల్‌లో పూసల మధ్య సందులుంటాయి, చెక్కితే పూసలు ఊడతాయి, సందుల్లోకి రెజిన్ పోయి బరువు పెరుగుతుంది.

రెజిన్ మన దగ్గర సులువుగా దొరికేవి రెండు: ఎల్‌వై 556 రెజిన్‌కి హెచ్‌వై 951 హార్డెనర్, లేదా లాపాక్స్ ఎల్-12కి కె-6. రెండింటికీ బరువు ప్రకారం 100కి 10.

లేఅప్ లక్ష్మి (బెంగళూరు)
రాజు గారు చెప్పిన 100కి 10 దగ్గర ఒక మాట. చిన్న భాగాలకు 20 గ్రాముల రెజిన్ కలుపుతారు. అంటే హార్డెనర్ 2 గ్రాములు. వంటింటి కాటా ఒక గ్రాము మెట్లలో చూపిస్తుంది. 2 అని చూపినప్పుడు అసలు బరువు 1.5 కావచ్చు, 2.4 కావచ్చు. అంటే పాతిక శాతం దాకా తేడా. హార్డెనర్ తక్కువైతే రెజిన్ ఎప్పటికీ రబ్బరులాగే ఉంటుంది. ఎక్కువైతే పెళుసెక్కుతుంది, పైన జిడ్డు తేలుతుంది. "ఇంకొంచెం పోస్తే తొందరగా ఆరుతుంది" అనే లెక్క పాలిస్టర్‌లో కొంతవరకు నడుస్తుంది, ఎపాక్సీలో నడవదు. బంగారం తూచే చిన్న డిజిటల్ కాటా, 0.01 గ్రాము చూపేది, తీసుకోండి.

ఎల్‌వై 556 చిక్కగా ఉంటుంది, సన్న గుడ్డలోకి దిగడానికి మొరాయిస్తుంది. అందుకని థిన్నర్ కలిపితే అది రెజిన్‌లోనే ఇరుక్కుని గట్టిపడనివ్వదు, పైగా ఫోమ్‌ని తింటుంది. రెజిన్ సీసాను గోరువెచ్చని నీళ్లలో, 40 డిగ్రీల దగ్గర, పది నిమిషాలు ఉంచండి. నూనెలా జారుతుంది. హార్డెనర్ మాత్రం చల్లగానే ఉండాలి. కలిపాక గ్లాసులో ఉంచకుండా వెడల్పాటి పళ్లెంలో పోయండి. గ్లాసులో కుప్పగా ఉంటే తన వేడికి తనే మరిగి పొగలొస్తుంది, పళ్లెంలో పలచగా ఉంటే పని చేసే సమయం మిగులుతుంది. ఎండాకాలంలో 20 గ్రాములకు అరగంట కూడా ఉండదని లెక్కేసుకోండి.

ఉప్పుగాలి (విశాఖ)
పాలిస్టర్‌ని పూర్తిగా తీసిపారేయకండి, మోల్డు చేసేటప్పుడు అదే చవక. ఇక్కడ తీరమంతా ఫైబర్ బోట్లు దాంతోనే కడతారు. కాకపోతే ఫోమ్ మీద నేరుగా వద్దు, అంతే. ఇంకో మాట: గట్టిపడిన పాలిస్టర్ మీద ఎపాక్సీ పట్టుకుంటుంది, ఎపాక్సీ మీద పాలిస్టర్ సరిగా పట్టుకోదు. రిపేర్లలో ఇది తిరగబడి చాలామందికి పెచ్చులు లేస్తాయి.

పాలిస్టర్ వాడేవాళ్లకు హెచ్చరిక: కోబాల్ట్ (వేగం పెంచేది), ఎంఈకేపీ (రెజిన్‌ని గట్టిపరిచేది) రెండూ నేరుగా కలపకూడదు, భగ్గుమంటుంది. కోబాల్ట్‌ని ముందు రెజిన్‌లో పూర్తిగా కలిపి, ఆ తర్వాతే ఎంఈకేపీ.

డాలస్ బోటు (టెక్సస్)
గుడ్డ, రెజిన్ సంగతి బాగుంది గానీ స్పాన్సన్ విషయంలో వేగాన్ని తేల్చేది అడుగు అంచు. ఫోమ్ అనేది ఆకారం కోసం, చర్మం, అంటే పైన వేసే ఫైబర్ పొర, బలం కోసం. నీళ్లను కోసేది మాత్రం అంచే.

స్పాన్సన్ అడుగున నీటి మీద ఆనే పట్టీ, అంటే రైడ్ ప్యాడ్, దాని వెనక అంచు, పక్క అంచులు కత్తిలా ఉండాలి. గుండ్రంగా ఉంటే నీరు అక్కడ విడిపోకుండా అంచు చుట్టూ పైకి పాకుతుంది, స్పాన్సన్‌ని కిందికి లాగుతుంది. అదే మోటారు, అదే ప్రొపెల్లరుతో పడవ నీటికి అతుక్కున్నట్టు పరిగెడుతుంది.

ఇబ్బంది ఏమిటంటే గ్లాసు గుడ్డ పదునైన మూల చుట్టూ తిరగదు. 3 మి.మీ. కంటే చిన్న వంపు అయితే పోగులు స్ప్రింగులా లేస్తాయి, కింద గాలి చేరుతుంది. అందుకని పదును గుడ్డతో రాదు, తర్వాత కట్టాలి. రెండు దారులు.

ఒకటి: ఫోమ్ అంచుని 3 మి.మీ. గుండ్రం చేసి గుడ్డ చుట్టేసి, ఆరాక అంచు పక్కన ప్యాకింగ్ టేపుతో గోడలా నిలబెట్టి, ఆ సందులో ఎపాక్సీ, మిల్డ్ గ్లాసు పొడి, కొంచెం ఏరోసిల్ (చిక్కబరిచే సిలికా పొడి) కలిపిన ముద్ద నింపాలి. ఆరాక టేపు లాగేసి చదునైన దిమ్మకు 150 నంబరు పేపరు చుట్టి గీకితే పదునైన మూల వస్తుంది.

రెండు, నాకు నచ్చేది: 0.8 మి.మీ. ఎఫ్ఆర్4 షీటు ముక్క కోసి రైడ్ ప్యాడ్‌గా అతికించడం. 250 × 25 ముక్క 9 గ్రాములు తూగుతుంది. చదును దానంతట అదే వస్తుంది, వెనక అంచు ఒక మిల్లీమీటరు బయటికి వదిలితే పదును కూడా వస్తుంది, కొమ్మో రాయో తగిలినా సొట్ట పడదు.

కొత్తపడవ (వరంగల్)
ఎఫ్ఆర్4 అంటే సర్క్యూట్ బోర్డుల షీటేనా అన్నా? రాగి లేనిది దొరుకుతుందా?

రిగ్గర్ రాజు (హైదరాబాద్)
అదే. మోటారు వైండింగ్, ప్యానెల్ బోర్డుల సామాను అమ్మే షాపుల్లో గ్లాస్ ఎపాక్సీ షీటు అంటే ఇస్తారు. హైలమ్ షీటు ఇస్తే వద్దను, అది వేరు. అతికించే ముందు నున్నటి పక్కను 120 పేపరుతో మెరుపు పోయేదాకా గీకాలి. లేకపోతే ఒకరోజు అట్టలా ఊడొస్తుంది.

ఇప్పుడు కోత. తీగ కటింగ్ అయితే 0.4 మి.మీ. నిక్రోమ్ తీగ 60 సెం.మీ. తీసుకో. దాని నిరోధం 5 ఓములు, 12 వోల్టులకు 2.4 ఆంపియర్లు లాగుతుంది. 12 వోల్టుల 5 ఆంపియర్ల ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై), మధ్యలో ఎల్ఈడీ పట్టీలకు వాడే డిమ్మర్ పెడితే వేడి తగ్గించుకోవచ్చు. తీగ వెనకాల సన్నటి వెంట్రుకల్లా దారాలు వస్తుంటే వేడి సరిగ్గా ఉన్నట్టు. తీగ పక్కన ఫోమ్ కరిగి గాడి వెడల్పవుతుంటే ఎక్కువ. నెట్టాల్సి వస్తుంటే తక్కువ: అప్పుడు తీగ మధ్యలో వెనకబడి విల్లులా వంగుతుంది, కోత మధ్యలో లోపలికో బయటికో పోతుంది. తీగకు బిగువు ఇవ్వడానికి స్ప్రింగు తప్పనిసరి, వేడికి తీగ సాగుతుంది.

పక్క ఆకారం టెంప్లేట్లు రెండు, సన్‌మైకా ముక్కల నుంచి కోసి, అంచు 400 పేపరుతో నున్నగా చేసి ఫోమ్ దిమ్మకు రెండు పక్కలా పిన్నులతో గుచ్చు. అంచులో చిన్న గాటు ఉన్నా తీగ అక్కడ ఆగుతుంది, ఆగిన చోటల్లా ఫోమ్ మీద గీత. పని తలుపులు తెరిచి చేయాలి. పీయూ (పాలీయురెథేన్) ఫోమ్‌ని మాత్రం తీగతో ఎప్పుడూ కోయొద్దు, దాని పొగ విషం.

లేఅప్ లక్ష్మి (బెంగళూరు)
కోత అయ్యాక నేరుగా గుడ్డ వేసేయకండి. బూమ్ ట్యూబులు ఎక్కడ దూరతాయి? ఫోమ్‌లో రంధ్రం చేసి ట్యూబు దూర్చి ఎపాక్సీ పోస్తే మొదటి దెబ్బకే ట్యూబు చుట్టూ ఫోమ్ పొడి పొడి అవుతుంది, సందు పెరుగుతుంది. స్పాన్సన్ మీద పడే బలమంతా ఆ రెండు రంధ్రాల గుండానే టబ్‌కి పోతుంది. దాన్ని పై చర్మానికీ అడుగు చర్మానికీ పంచే అడ్డుగోడ కావాలి.

ఫోమ్ దిమ్మని బూమ్‌లు వచ్చే రెండు చోట్ల అడ్డంగా కోయండి, మూడు ముక్కలవుతుంది. మధ్యలో 4 మి.మీ. బర్చ్ ప్లై అడ్డుగోడలు, స్పాన్సన్ పూర్తి ఎత్తు, పూర్తి వెడల్పు. బూమ్ అడ్డంగా వస్తుంది కాబట్టి అడ్డుగోడ పక్కనే ఆనుకుని, వెడల్పు పొడవునా గ్లాసు స్లీవ్ పడుకోవాలి. స్లీవ్‌ని బూమ్ ట్యూబు మీదే చేసుకోండి: 8 మి.మీ. కార్బన్ ట్యూబుకి ఒక పొర ప్యాకింగ్ టేపు, పైన మైనం, దాని మీద 80 జీఎస్ఎం గుడ్డ మూడు చుట్లు. ఆరాక తిప్పి లాగితే జారి వస్తుంది, టేపు మందమే ఆడటానికి కావలసిన సందు. స్లీవ్‌ని అడ్డుగోడకు ఎపాక్సీ, మిల్డ్ గ్లాసు ముద్దతో అతికించి, రెండు పక్కలా వంపుగా మెత్తండి. రెండు స్పాన్సన్ల అడ్డుగోడలూ ఒకదాని మీద ఒకటి పేర్చి ఒకేసారి కోయాలి, గుర్తులూ ఒకేసారి పెట్టాలి. విడివిడిగా చేస్తే అర మిల్లీమీటరు తేడా కూడా కోణంలో కనిపిస్తుంది.

ముక్కలు అతికించేటప్పుడు ఫెవిక్విక్ ముట్టుకోకండి, ఎక్స్‌పీఎస్‌ని కరిగిస్తుంది. రబ్బరు గమ్ కూడా అంతే. ఫెవికాల్ కరిగించదు గానీ రెండు ఫోమ్ ముక్కల మధ్య గాలి తగలక వారమైనా పచ్చిగానే ఉంటుంది. ఎపాక్సీలో మైక్రోబెలూన్లు (బోలు గాజు పూసల సన్న పొడి) కలిపి పలచగా పూస్తే చాలు, తర్వాత గీకేటప్పుడు కూడా ఫోమ్‌తో సమానంగా అరుగుతుంది.

డాలస్ బోటు (టెక్సస్)
కుడి స్పాన్సన్‌లో ఇంకోటి మరచిపోకండి. రేసు ట్రాక్ గడియారం దిశలో ఉంటుంది, మలుపులన్నీ కుడికే. టర్న్ ఫిన్ (మలుపులో పడవ పక్కకి జారకుండా నీళ్లలో దిగే రెక్క) కుడి స్పాన్సన్ వెనక గోడ మీద బిగుస్తుంది, మలుపులో దాని మీద పడే బలం చాలా ఎక్కువ. వెనక ముఖానికి 6 మి.మీ. ప్లై, దాన్నించి లోపల అడ్డుగోడ దాకా రెండు సన్న ప్లై పట్టీలు. ఫోమ్‌కి స్క్రూ బిగించడం అనే మాటే వద్దు. బూమ్‌ని పట్టి ఉంచే బోల్టులు ఎం3 నైలాన్‌వి పెడితే ఏదైనా గుద్దుకున్నప్పుడు అవే తెగిపోతాయి, స్పాన్సన్ మిగులుతుంది.

రిగ్గర్ రాజు (హైదరాబాద్)
గుడ్డ వేసే వరుస రాస్తున్నాను.

ఎక్స్‌పీఎస్ షీటు పైపొర నున్నగా ఉంటుంది, దాని మీద ఏదీ పట్టదు. కోత తగలని ముఖాల్ని కూడా 120 పేపరుతో తేలిగ్గా గీకు. దుమ్ము బ్రష్‌తో దులిపి, ఎపాక్సీలో మైక్రోబెలూన్లు దోసెల పిండిలా కలిపి ప్లాస్టిక్ కార్డుతో ఫోమ్ మీద లాగు. కంతలన్నీ పూడతాయి, ఎక్కువైంది కార్డుకే వచ్చేస్తుంది. ఇది చేయకపోతే ఫోమ్ రెజిన్‌ని తాగేసి గుడ్డ పొడిబారుతుంది. ఈ పూత జిగటగా ఉన్నప్పుడే గుడ్డ వేయాలి.

స్పాన్సన్‌ని తిరగేసి, అడుగు, పక్కలు ముందు. 160 గుడ్డని 45 డిగ్రీల కోణంలో కత్తిరించు, వంపుల మీద ముడత పడకుండా సాగుతుంది. పై ముఖం మీదికి 12 మి.మీ. మడత రావాలి. అడుగున మాత్రం రెండో పొర. రెజిన్‌ని మధ్య నుంచి అంచులకు కార్డుతో తోసుకుంటూ పో. గుడ్డ తెల్లగా కనిపిస్తే రెజిన్ తక్కువ, మెరుస్తూ తేలుతుంటే ఎక్కువ. నేత గళ్లు చేతికి తెలుస్తూ, గుడ్డ పారదర్శకంగా ఉంటే సరి. చేతితో వేస్తే గుడ్డ ఎంత బరువో రెజిన్ అంతే బరువు అని లెక్క.

మూడు నాలుగు గంటలకు రెజిన్ తోలులా అవుతుంది. అప్పుడు కొత్త బ్లేడుతో అంచులు కోస్తే గుడ్డ కాగితంలా తెగుతుంది. మర్నాడైతే రంపం కావాలి. తర్వాత పై ముఖం, ఒక పొర, కిందికి 12 మి.మీ. మడత.

బరువు లెక్క: ముక్కు సన్నబడుతుంది కాబట్టి ఫోమ్ సుమారు అర లీటరు, 17 గ్రాములు. ఉపరితలం 0.055 చదరపు మీటర్లు. 160 గుడ్డ 9 గ్రాములు, రెజిన్ 9. అడుగు రెండో పొర రెజిన్‌తో కలిపి 6. ఎఫ్ఆర్4 ప్యాడ్ 9. ప్లై, స్లీవ్‌లు, ముద్ద 15 దాకా. మొత్తం 65 గ్రాములు. 80 దాటితే ఎక్కడో రెజిన్ కుమ్మరించినట్టే.

కాకినాడ ఖాజా (కాకినాడ)
రాజన్నా, కార్బన్ గుడ్డ వేస్తే ఇంకా తేలిక కదా? చూడ్డానికి కూడా బాగుంటుంది.

లేఅప్ లక్ష్మి (బెంగళూరు)
ఇంత చిన్న భాగంలో తేడా ఐదారు గ్రాములు. కార్బన్ బిగువు పెంచుతుంది నిజమే, కానీ దెబ్బకు గ్లాసు వంగి నిలబడే చోట కార్బన్ విరుగుతుంది. స్పాన్సన్‌కి అయితే మీ ఇష్టం. రిసీవర్ ఉన్న టబ్‌కీ, దాని మూతకీ వద్దు. కార్బన్ విద్యుత్ వాహకం, 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ని అడ్డుకుంటుంది. తప్పదనుకుంటే యాంటెన్నా పైకి సన్న ప్లాస్టిక్ గొట్టంలో బయటికి రావాలి. బూమ్ కార్బన్, క్లాంపు అల్యూమినియం అయితే మధ్యలో ఎపాక్సీ పూతో ప్లాస్టిక్ ముక్కో ఉండాలి, లేదంటే నీళ్లలో అల్యూమినియం తుప్పు పట్టి తెల్లగా పొడి రాలుతుంది. ఉప్పు నీళ్లలో మరీ వేగం.

ఉప్పుగాలి (విశాఖ)
హ్యాచ్ మూత సంగతి ఎవరూ ఎత్తుకోలేదు, నేను చెప్తాను. దానికి ఫోమ్ లోపల ఉండక్కర్లేదు. ఆకారం ఇచ్చి పోతే చాలు.

మూత విడిగా చేసి టబ్‌కి సరిపెట్టాలని చూస్తే ఎక్కడో ఒక మూల లేస్తుంది. టబ్ మీదే చేయండి. డెక్ (టబ్ పై ముఖం) మొత్తం ప్యాకింగ్ టేపు, ముడతలు లేకుండా. ఎపాక్సీ దానికి అంటదు. హ్యాచ్ తెరుపు కంటే కొంచెం పెద్ద ఫోమ్ దిమ్మని రెండు వైపుల టేపుతో డెక్ మీద నిలబెట్టి అక్కడే చెక్కండి. పక్కల్లో కొంచెం వాలు ఉండాలి, లోపలికి తిరిగిన వంపు ఎక్కడా ఉండకూడదు. ఫోమ్ మీద కూడా టేపు, గుండ్రం ఉన్న చోట 20 మి.మీ. పట్టీలుగా. ముడతలు వద్దనుకుంటే ఫెవికాల్‌లో నీళ్లు, టాల్కం పౌడర్ కలిపి రెండు పూతలు, 220 పేపరు, మైనం మూడు పూతలు, పైన పీవీఏ (ఆరాక పలచని పొరై అచ్చు నుంచి విడిపించే ద్రవం). నీటి పూతలు ఫోమ్‌ని ఏమీ చేయవు.

గుడ్డ: ముందు 80 ఒకటి, తర్వాత 160 రెండు. డెక్ మీదికి చుట్టూ 12 మి.మీ. అంచు. ఆ అంచు మీద ఇంకో 160 పట్టీ, మూత వంకర పోకుండా. మొత్తం అర మిల్లీమీటరు పైచిలుకు మందం, 50 గ్రాముల చుట్టుపక్కల వస్తుంది. రెండో రోజు ప్లాస్టిక్ కార్డు అంచు కింద దూర్చి చుట్టూ తిప్పితే టప్పున వదులుతుంది. లోపలి ఫోమ్ చేత్తో విరిచి తీసేయండి. మిగిలిన తుంపులకు అసిటోన్, అదీ వారం ఆగి. పచ్చి ఎపాక్సీని అసిటోన్ మెత్తబరుస్తుంది. పెట్రోలు కూడా కరిగిస్తుంది కదా అని ఇంట్లో పెట్రోలు గిన్నె పెట్టుకోవద్దు.

కాకినాడ ఖాజా (కాకినాడ)
మా క్లబ్బులో ఆరు బోట్లకి ఒకేలాంటి మూతలు కావాలి. ఆరుసార్లు ఫోమ్ చెక్కాలా గురువుగారూ?

ఉప్పుగాలి (విశాఖ)
వద్దు నాయనా, మోల్డు చేయి. అదే మూతని ప్లగ్గుగా, అంటే మోల్డు తీసే నమూనాగా, వాడొచ్చు. పుట్టీ, టూకే (రెండు భాగాలు కలిపే) పీయూ ప్రైమర్, పైన టూకే పెయింటు, 1000 నుంచి 2000 వాటర్ పేపరు, పాలిష్. పెయింటు వారమైనా ఆరాలి. మైనం ఆరు పూతలు, ప్రతి పూతకీ మధ్య గంట. పీవీఏ రెండు పలచని స్ప్రేలు.

జెల్‌కోట్, అంటే మోల్డుకి ముఖంగా వచ్చే మొదటి పాలిస్టర్ పూత, దాని దగ్గరే మోల్డులు పాడవుతాయి. పలచగా పూసి తొందరపడి పైన రెజిన్ వేస్తే కింది పొరని స్టైరీన్ ఉబ్బించి మొసలి చర్మంలా ముడతలు పడుతుంది. బ్రష్‌తో రెండు నిండు పూతలు, అర మిల్లీమీటరు మందం, వేలికి జిగటగా తగిలి అంటకుండా ఉన్నప్పుడు తర్వాతి పొర. ముందు 30 జీఎస్ఎం టిష్యూ, తర్వాత 300 మ్యాట్ ఒక్కటే, ఆ రోజుకి అంతే. గాలి బుడగ ఉంటే ఈ పొరలోనే పొడిచి తీయాలి. మర్నాడు 450 మ్యాట్ మూడు పొరలు. అన్నీ ఒకేరోజు వేస్తే వేడెక్కి కుంచించుకుపోయి, పోగుల గుర్తులు ముఖం మీదికి అచ్చవుతాయి. వెనక ప్లై పట్టీలు అతికించి, ప్లగ్గు మీదే నాలుగు రోజులు వదిలేయి.

స్పాన్సన్లకు ఇదే చేయాలంటే ఎడమా కుడీ అద్దంలో బొమ్మల్లా ఉంటాయి కాబట్టి రెండేసి భాగాల మోల్డులు రెండు కావాలి. ఒక్క జతకి అది దండగ. ఫోమ్ చెక్కుకోవడమే మేలు.

కొత్తపడవ (వరంగల్)
టెస్ట్ ముక్క మీద మూడు లోపాలు కనిపిస్తున్నాయి. ఒకటి, రెండో రోజు కూడా పైన సబ్బు నీళ్లు ఆరినట్టు జిడ్డు. వాన పడుతుంది ఇక్కడ. రెండు, అంచు వెంబడి తెల్లటి సన్న గీతలు. మూడు, స్ప్రే డబ్బా పెయింటు కొట్టిన చోట చర్మం కింద గుంట పడింది.

లేఅప్ లక్ష్మి (బెంగళూరు)
జిడ్డు: హార్డెనర్‌లోని అమైన్ గాలిలో తేమ, కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి పైకి తేలింది. లోపల రెజిన్ గట్టిపడే ఉంటుంది, గోరుతో నొక్కి చూడండి. మామూలు నీళ్లు, గిన్నెలు తోమే ఆకుపచ్చ స్క్రబ్బరుతో తోమి తుడిచి, తర్వాతే గీకండి. కడగకుండా గీకితే జిడ్డుని లోపలికి రుద్దినట్టు, పైపూత చేపకళ్లలా విడిపోతుంది. వానల్లో పని చేస్తే పైన పీల్ ప్లై వేయండి. అది లేకపోతే పూత లేని నైలాన్ లైనింగ్ గుడ్డ. ఆరాక లాగేస్తే జిడ్డు దాంతోనే పోతుంది, ఉపరితలం గరుకుగా మిగిలి గీకే పని కూడా తగ్గుతుంది. వానకోటు గుడ్డ మాత్రం వద్దు, దాని పూత రెజిన్‌కి అంటుకుంటుంది.

తెల్ల గీతలు: డాలస్ గారు చెప్పిన స్ప్రింగు సంగతే. అంచు ఇంకా గుండ్రం చేయాలి. ఇప్పుడున్న వాటిని బ్లేడుతో చీల్చి, పలచని ఎపాక్సీ సిరంజితో దించి టేపు బిగించండి.

గుంట: చర్మంలో సూది రంధ్రాలున్నాయి. స్ప్రే పెయింటులోని థిన్నర్ వాటిలోంచి దిగి ఫోమ్‌ని తినేసింది. ఒక్క పొర గుడ్డకి సూది రంధ్రాలు తప్పవు. పెయింటుకు ముందు ఎపాక్సీ పలచగా, గీకుతూ రెండు పూతలు. తర్వాత వెలుగుకు అడ్డంగా పెట్టి చూడండి, మెరుపులో నల్లచుక్క కనిపిస్తే అది రంధ్రం. అవి పూడ్చాకే స్ప్రే, అదీ మొదట మంచులా పలచగా. రెండో పూతకి తొందర వద్దు.

డాలస్ బోటు (టెక్సస్)
రంగు విషయం. నల్లటి, ముదురు ఎరుపు స్పాన్సన్లు ఎండలో ఒడ్డున పెట్టకండి. ఎక్స్‌పీఎస్ 75 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. గది ఉష్ణోగ్రతలో ఆరిన ఎపాక్సీ అంతకంటే ముందే, 50, 60 మధ్య, బిగువు కోల్పోతుంది. మూసిన కారులో, మే ఎండలో ముదురు రంగు మీద అంత వేడి రావడం పెద్ద విషయం కాదు. చర్మం ఉబ్బి ఫోమ్ నుంచి విడిపోతుంది, రైడ్ ప్యాడ్ వంగితే కోణమే మారిపోతుంది. తెలుపు, పసుపు, నారింజ నీళ్ల మీద కూడా బాగా కనిపిస్తాయి.

చర్మం విడిపోయిన చోట వేలితో నొక్కితే టిక్కుమంటుంది. 2 మి.మీ. రంధ్రాలు రెండు, ఒకదాంట్లోంచి పలచని ఎపాక్సీ సిరంజితో, ఇంకోదాంట్లోంచి గాలి బయటికి. పైన ప్లాస్టిక్ కాగితం, ఇసుక సంచి.

రిగ్గర్ రాజు (హైదరాబాద్)
తేలడం గురించి కూడా. పడవ బోల్తా కొట్టి టబ్ నిండినా మునగకూడదు. అర లీటరు చొప్పున ఫోమ్ రెండు స్పాన్సన్లలో ఉంటే దాదాపు కిలో బరువు ఎత్తుతుంది. బ్యాటరీలతో నీ పడవ కిలోన్నర ఉంటుందనుకుందాం. ప్లై తనే తేలుతుంది కాబట్టి టబ్ ముక్కులో ఇంకో అర లీటరు పెడితే ధీమా. దానికి ఈతకొలనుల్లో వాడే పాలిథిన్ ఫోమ్ కర్ర ముక్కలు దూర్చు, నీళ్లు పీల్చవు. డబ్బాల్లో వచ్చే పీయూ స్ప్రే ఫోమ్ వద్దు. మూసిన చోట గాలి తేమ అందక లోపల పచ్చిగా ఉంటుంది, తర్వాత తీరిగ్గా ఉబ్బి టబ్ పక్కల్ని తోస్తుంది.

గ్లాసు గీకేటప్పుడు ఎన్95 మాస్కు, వీలైతే తడి పేపరు. హార్డెనర్ చేతికి తగిలితే సబ్బు నీళ్లు. అసిటోన్‌తో తుడిస్తే అది చర్మంలోకి ఇంకా దిగుతుంది. ఒకసారి ఎలర్జీ పట్టుకుంటే మళ్లీ ఎపాక్సీ వాసనకే దద్దుర్లు. నైట్రైల్ గ్లౌజులు వంద డబ్బా కొని పెట్టుకో.

కొత్తపడవ (వరంగల్)
థ్యాంక్స్ అన్నా, మేడమ్, అందరికీ. ఆఖరిది. బిగించేటప్పుడు ప్యాడ్ కోణం ఎంత పెట్టాలి? ఎడమ కుడి బరువు ఎంత దగ్గరగా ఉండాలి?

డాలస్ బోటు (టెక్సస్)
టబ్ అడుగుని ఆధారంగా తీసుకుని ప్యాడ్ ముందు భాగం 3 డిగ్రీలు పైకి, అక్కడి నుంచి మొదలుపెట్టండి. డిజిటల్ యాంగిల్ గేజి ప్యాడ్ మీద నేరుగా ఆనించి చూడాలి. కోణం ఎక్కువైతే ముక్కు గెంతుతూ గాలి పట్టి వెనక్కి తిరగబడుతుంది. తక్కువైతే తడిసే భాగం పెరిగి మందకొడి అవుతుంది, అలలో ముక్కు దూరుతుంది. మార్చేటప్పుడు పావు డిగ్రీ చొప్పున. అంకె కంటే ముఖ్యం, ఎడమా కుడీ తేడా 0.2 డిగ్రీలు దాటకూడదు. కోణం సరిచూశాకే నైలాన్ బోల్టుకు రంధ్రం వేయండి.

బరువు 3 గ్రాముల లోపు తేడా ఉంటే వదిలేయండి. టర్న్ ఫిన్, బ్రాకెట్ వల్ల కుడి ఎలాగూ బరువెక్కుతుంది. దానికి ఎడమ స్పాన్సన్‌లో సీసం పోయకండి, బ్యాటరీలను టబ్‌లో ఎడమకు జరిపితే సరిపోతుంది.